ఎంత నలుపు అన్నదే లెక్క

1994 జూన్ చివర్లో అమెరికాలో ఏ పత్రికల దుకాణం ముందు నిలబడ్డా, రెండు అట్టల మీద ఒకే మనిషి కనిపించేవాడు. టైమ్, న్యూస్‌వీక్ రెండూ ఓ.జె. సింప్సన్ ఫోటోనే వేశాయి. మాజీ భార్యనూ, ఆమె స్నేహితుణ్ణీ చంపాడన్న కేసులో అరెస్టయిన ఆ ఫుట్‌బాల్ స్టార్‌ను లాస్ ఏంజెలెస్ పోలీసులు తీసిన ఫోటో అది. రెండు పత్రికలకూ దొరికింది అదే ఫోటో. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం ఇద్దరు మనుషుల్లా ఉన్నాడు. న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు అచ్చువేసింది. టైమ్ కోసం ఒక చిత్రకారుడు దాన్ని కంప్యూటర్లో మార్చాడు. ముఖం బాగా నల్లబడింది, చుట్టూ చీకటి ముసిరింది, ఛాతీ దగ్గరున్న ఖైదీ నంబరు చిన్నదైంది. పెద్ద గొడవే అయింది. జాతి విద్వేషం తమ ఉద్దేశం కాదని టైమ్ వాళ్ళు వివరణ ఇచ్చుకున్నారు.

ఆ మాట నిజమేననుకుందాం. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. సింప్సన్ ఎలాగూ నల్లజాతి మనిషే, ఆ సంగతి దేశమంతటికీ తెలుసు. బొమ్మలో భయం, నేరం కనబడాలనుకున్నప్పుడు ఉన్న నలుపు చాలలేదు. ఇంకాస్త కలపాల్సి వచ్చింది. అంటే నల్లవాళ్ళంతా ఒకటి కాదనీ, ఎంత నలుపు అన్నదాన్ని బట్టి చూసేవాళ్ళ మనసులో లెక్క మారుతుందనీ ఆ అట్ట తయారుచేసిన చేతికి ఎవరూ చెప్పకుండానే తెలుసు.

దీనికి ఇంగ్లీషులో కలరిజం అన్న పేరు స్థిరపడింది, 1980ల మొదట్లో రచయిత్రి ఆలిస్ వాకర్ ఆ మాట వాడినప్పటి నుంచి. తెలుగులో మనకో చిక్కుంది. రేసిజాన్ని ఎప్పుడో ‘వర్ణవివక్ష’ అని అనువదించేసుకున్నాం. తీరా అసలైన వర్ణం గురించి, అంటే ఒంటి రంగు గురించి చెప్పాల్సి వస్తే మాట మిగల్లేదు. ఇక్కడికి ‘ఛాయ వివక్ష’ అనుకుందాం. ఈ రెండూ ఒకటి కావు. జాతి వివక్ష మనిషిని ఏ గడిలో వెయ్యాలో చూస్తుంది. ఛాయ వివక్ష గడిలో వేశాక కూడా ఊరుకోదు, అందులో ఏ మెట్టు మీద నిలబెట్టాలో చూస్తుంది. ఇవాళ్టి ప్రభుత్వ రికార్డుల్లో ఎక్కువగా ఉండేది గడి ఒక్కటే. మెట్టు అరుదుగా తప్ప రాసుండదు. అందుకే ఇన్నాళ్ళూ ఇది నల్లవాళ్ళ ఇంటి గొడవగా, పెళ్ళి చూపుల వ్యవహారంగా చెలామణీ అయిపోయింది.

ఇంటి గొడవ కాదనడానికి చట్టాలే సాక్ష్యం. 1662లో వర్జీనియా వలస రాజ్యం ఒక శాసనం చేసింది. బిడ్డ బానిసో స్వతంత్రుడో తల్లిని బట్టి తేలుతుంది అని. ఇంగ్లండు ఆచారం ప్రకారం బిడ్డకు తండ్రి హోదా రావాలి. దాన్ని ఎందుకు తిరగేశారో ఊహించడం కష్టం కాదు. యజమాని బానిస స్త్రీని చెరిస్తే పుట్టిన బిడ్డ అతని వారసుడు కాకూడదు, ఆస్తి కావాలి. ఆ బిడ్డలు లేత ఛాయతో పుట్టారు. వాళ్ళలో ఎక్కువమంది బానిసలుగానే బతికారు. కొందరిని మాత్రం కన్న తండ్రులు బానిసత్వం నుంచి విడిపించారు, చేతిపని నేర్పించారు, అరుదుగా కాస్త ఆస్తీ ఇచ్చారు. ఈ తేడా ఎంతదూరం వెళ్ళిందో 1860 జనాభా లెక్కల్లో కనిపిస్తుంది. బానిసల్లో ‘ములాటో’ అని, అంటే మిశ్రమ సంతతి అని రాసినవాళ్ళు సుమారు పదిమందికి ఒకరు. స్వతంత్రులుగా ఉన్న నల్లవాళ్ళలో మూడోవంతుకు పైగా. 1865లో బానిసత్వం రద్దయ్యేనాటికి చదువు, వృత్తి, ఇల్లు ఎవరి దగ్గర ఉన్నాయన్నది అప్పటికే చాలావరకు రంగును బట్టి పంచేసి ఉంది.

చార్ల్‌స్టన్ ఊళ్ళో 1790లోనే బ్రౌన్ ఫెలోషిప్ సొసైటీ అని ఒకటి పెట్టుకున్నారు. లేత ఛాయ ఉన్న స్వతంత్రులకే సభ్యత్వం, అదీ 50 మందికి మించకుండా. కష్టానికి సాయం, చావుకి శ్మశానం దాని పనులు. నల్ల ఛాయ స్వతంత్రులు తర్వాత తమకు వేరే సంఘం, వేరే శ్మశానం ఏర్పాటు చేసుకున్నారు. కులానికో శ్మశానం ఉన్న ఊళ్ళు చూసిన మనకు ఇది అంత వింతగా అనిపించకపోవచ్చు. ఒక్క తేడా ఉంది. అక్కడ హద్దు గీసింది పుట్టుక కాదు, కంటికి కనపడే రంగు. ఒకే తల్లి బిడ్డలు అటొకరూ ఇటొకరూ పడే వీలుండేది.

తర్వాతి వందేళ్ళలో ఇళ్ళలో, క్లబ్బుల్లో, కొన్ని చర్చిల్లో చెప్పుకున్న కథలన్నిటా ఒక కాగితపు సంచి ఉంటుంది. కిరాణా సామాను కట్టిచ్చే గోధుమరంగు సంచి. విందు జరిగే ఇంటి గుమ్మం దగ్గర దాన్ని చేతి పక్కన పెట్టి చూసేవారట. సంచి కన్నా లేతగా ఉంటే లోపలికి, లేకపోతే ఇంటికి. ఇది ఎక్కువగా నోటిమాటగా వచ్చిన చరిత్ర. ప్రతి చోటా అక్షరాలా సంచి పట్టుకుని నిలబడ్డారా అంటే చెప్పలేం. కానీ పోలిక ఎంత సరిగ్గా కుదిరిందంటే, సంచి లేని చోట కూడా ఆ మాటకు అర్థం తెలియని నల్లజాతి కుటుంబం ఉండేది కాదు.

ప్రభుత్వం మాత్రం ఈ మెట్లతో కొన్నాళ్ళు ఆటలాడి, ఒకరోజు అన్నిటినీ చెరిపేసింది. 1890 జనాభా లెక్కల సూచనలు చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. మూడొంతులు, అంతకన్నా ఎక్కువ నల్ల రక్తం ఉంటే ‘బ్లాక్’. ఎనిమిదింట మూడు నుంచి ఐదు వంతుల దాకా ‘ములాటో’. పావు వంతైతే ‘క్వాడ్రూన్’. ఎనిమిదో వంతు, లేదా ఏ కాస్త ఛాయ కనిపించినా ‘ఆక్టరూన్’. రికార్డు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ గుమాస్తా ఒక మనిషిని ఎగాదిగా చూసి, అతని రక్తంలో ఎనిమిదింట ఎన్ని వంతులు నలుపో తేల్చాలి. 1930 నాటికి ఈ లెక్కలన్నీ ఎత్తేశారు. ఒక్క చుక్క నల్ల రక్తం ఉన్నా నీగ్రో అన్నారు. గడి ఒకటే అయింది.

అంతకు ముందే ఈ ఒక్క చుక్క సూత్రం సుప్రీం కోర్టు దాకా వెళ్ళొచ్చింది. హోమర్ ప్లెసీ ఎనిమిదింట ఏడు వంతులు తెల్లవాడు. 1892లో న్యూ ఆర్లీన్స్‌లో తెల్లవాళ్ళ రైలు పెట్టెలో కూర్చున్నాడు. రైల్లో విభజనకు ఎదురు తిరిగిన ఒక పౌర కమిటీ కావాలనే చేసిన ఏర్పాటు అది. అతన్ని చూస్తే నల్లవాడని ఎవరూ పోల్చుకోలేరు కాబట్టి, రైలు సిబ్బందికి ముందే కబురందించి అరెస్టు అయ్యేట్టు చూసుకున్నారు. లాయరు వాదనల్లో ఒకటి ఆలోచించదగ్గది. తెల్లవాడుగా గుర్తింపు పొందడమే ఒక ఆస్తి, దాన్ని లాక్కునే హక్కు కండక్టరుకు లేదు అని. 1896లో కోర్టు ఒప్పుకోలేదు. వేరుగా ఉంచినా సమానమే అంది.

లేత ఛాయ ఏ మేరకు కాపాడుతుందో వాల్టర్ వైట్ అనుభవం చెబుతుంది. నీలి కళ్ళు, లేత జుట్టు, తెల్లటి ఒళ్ళు. అయినా తాను నల్లవాణ్ణని చెప్పుకుని, నల్లవాళ్ళ హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీని చాలాకాలం నడిపించిన మనిషి. అంతకు ముందు తెల్లవాడిలా ఊళ్ళు తిరిగి, గుంపులు కలిసి మనుషుల్ని చంపిన ఘటనల మీద సమాచారం తెచ్చేవాడు. 1919లో ఆర్కాన్సాలో కౌలు రైతుల మీద జరిగిన మారణకాండ గురించి ఆరా తీయడానికి వెళ్ళాడు. విషయం బయటపడిందని ఎవరో హెచ్చరిస్తే దొరికిన రైలెక్కాడు. కండక్టరు అప్పుడే వెళ్ళిపోతున్నావేంటి, అసలు తమాషా ఇప్పుడే మొదలవుతోంది అన్నాడట. తెల్లవాడిలా వేషం వేసుకుని ఒక నల్లవాడు ఊళ్ళో తిరుగుతున్నాడు, కుర్రాళ్ళు వాణ్ణి పట్టుకుంటారు అని సంబరంగా చెప్పాడట, ఆ మనిషికే. గడి సంగతి బయటపడనంత వరకే ఆ ఛాయ అక్కరకొచ్చింది. కాబట్టి లేత ఛాయవాళ్ళు సుఖపడ్డారని ఎవరైనా తేలిగ్గా తేల్చేస్తే ఆ కండక్టరు మాట గుర్తుచేయాలి. వాళ్ళకు దొరికింది మినహాయింపు కాదు, ఎప్పుడైనా రద్దయ్యే రాయితీ.

1964 పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో ఏయే కారణాలతో వివక్ష చూపకూడదో చెబుతూ ‘జాతి, రంగు’ అని రెండు మాటలు వాడింది. చాలా ఏళ్ళు ఆ రెండో మాటను మొదటిదానికి వంతపాటగానే చదివారు. 1989లో అట్లాంటా ఫెడరల్ కోర్టు ముందుకు ఒక విచిత్రమైన కేసు వచ్చింది. పన్నుల శాఖలో పనిచేసే లేత ఛాయ నల్లజాతి ఉద్యోగిని, తన పై అధికారిణి తన రంగు వల్లే తనను వేధించి ఉద్యోగం తీయించిందని దావా వేసింది. ఆ అధికారిణీ నల్లజాతి మనిషే, ముదురు ఛాయ. ఇద్దరిదీ ఒకే జాతి అయితే వివక్ష ఎక్కడిది అన్నది ప్రభుత్వం వాదన. చట్టంలో రంగు అని వేరేగా రాశారు కదా, దానికీ ఒక అర్థం ఉండాలి అని కోర్టు కేసును ముందుకు సాగనిచ్చింది. విచారణలో ఆమె నెగ్గలేదు, కానీ దారి తెరుచుకుంది. ఈ కేసు ఇంకోటి కూడా గుర్తుచేస్తుంది. బాణం ఎప్పుడూ ఒకే దిక్కుకు పోదు. లేత ఛాయవాళ్ళను నువ్వు నిజంగా మా మనిషివేనా అని నిలదీయడమూ ఈ మెట్ల నుంచి పుట్టిందే. అలాగని రెండువైపులా సమానమే అనుకుంటే పొరపాటు. లేత ఛాయవాళ్ళకు పోయేది నమ్మకం, ఆదరణ. ముదురు ఛాయవాళ్ళకు పోయేది జీతం, స్వేచ్ఛ, ఒక్కోసారి ప్రాణం.

జీతం సంగతి ముందు చూద్దాం. 1979–80లో నల్లజాతి అమెరికన్ల మీద ఒక జాతీయ సర్వే జరిగింది. రెండు వేల పైచిలుకు మందిని ఇళ్ళకు వెళ్ళి పలకరించారు. ప్రశ్నలడిగిన వాళ్ళే, ఎదుటి మనిషి ఛాయను బాగా ముదురు నుంచి బాగా లేత దాకా ఐదు రకాల్లో ఒకటిగా రాసుకున్నారు. ఆ సమాచారాన్ని విశ్లేషించి 1990లో వచ్చిన అధ్యయనం ప్రకారం, లేత ఛాయ మనిషి ఒక డాలరు సంపాదిస్తే ముదురు ఛాయ మనిషి సంపాదన 72 సెంట్లు. నల్లవాళ్ళకూ తెల్లవాళ్ళకూ మధ్య ఎంత తేడా ఉందో, నల్లవాళ్ళ లోపల రంగును బట్టి దాదాపు అంతే ఉంది. 2007లో ముగ్గురు ఆర్థికవేత్తలు మగవాళ్ళ వేతనాల మీద చేసిన అధ్యయనంలోనూ ఇదే వరస. లేత ఛాయవాళ్ళ జీతాలు తెల్లవాళ్ళకు దగ్గరగా, మధ్యరకం, ముదురు ఛాయ వాళ్ళవి బాగా కిందకి.

రంగు కొలవడం మాత్రం అంత తేలిక కాదు. 2002లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం, నల్లవాళ్ళను తెల్ల ఇంటర్వ్యూయర్లు అంచనా వేస్తే, నల్ల ఇంటర్వ్యూయర్లు వేసినదాని కన్నా ముదురుగా వేశారు. కొలిచే పనిముట్టే వంకర అన్నమాట. ఒక రకంగా అది లోపం, ఇంకో రకంగా అదే అసలు సమాచారం. ఉద్యోగమిచ్చేవాడు, పోలీసు, టీచరు కొలబద్ద పట్టుకుని రారు. వాళ్ళూ ఆ ఇంటర్వ్యూయర్ల లాగే ఒక్క చూపుతో తేల్చేస్తారు.

జైళ్ళలో అలాంటి చూపుకి రికార్డే ఉంది. నార్త్ కరోలినాలో ఖైదీ లోపలికి రాగానే సిబ్బంది ఎత్తు, బరువుతో పాటు మేనిఛాయ కూడా నమోదు చేస్తారు. 1995–2009 మధ్య అక్కడ జైలుకెళ్ళిన 12,158 మంది నల్లజాతి స్త్రీల రికార్డులు తీసి చూస్తే, ‘లేత ఛాయ’ అని నమోదైన వాళ్ళకు పడిన శిక్ష మిగతావాళ్ళ కన్నా దాదాపు 12 శాతం తక్కువ. నేరం తీవ్రత, పాత కేసులు లాంటివి లెక్కలోకి తీసుకున్నాకే ఈ తేడా. జైలు సిబ్బంది ‘లేత’ అని రాసింది శిక్ష పడ్డాకే. జడ్జి ఆ రికార్డు చూడలేదు, మనిషిని చూశాడు.

మరణశిక్షల విషయంలో ఇంకా గగుర్పాటు కలిగించేది ఫిలడెల్ఫియా పరిశోధన. స్టాన్‌ఫర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త జెనిఫర్ ఎబర్‌హార్ట్ బృందం 1979–1999 మధ్య మరణశిక్షకు వీలున్న కేసుల్లో నల్లజాతి ముద్దాయిల ఫోటోలు సేకరించింది. వాళ్ళు ఎవరో, ఏం చేశారో చెప్పకుండా విద్యార్థులకు చూపించి, ఎంత ‘నల్లవాడి పోలికలు’ ఉన్నాయో మార్కులు వెయ్యమంది. రంగు ఒక్కటే కాదు, ముక్కు, పెదాలు, జుట్టు అన్నీ కలిపి. హతులు తెల్లవాళ్ళైన కేసులు 44. మార్కులు తక్కువ వచ్చిన సగంలో 24.4 శాతానికి మరణశిక్ష పడింది. ఎక్కువ వచ్చిన సగంలో 57.5 శాతానికి. చనిపోయిందీ నల్లవాళ్ళే అయిన కేసుల్లో ఈ తేడా కనిపించలేదు. అంటే ముఖం ఒక్కటే కాదు, ఎవరి ప్రాణం పోయిందన్నదీ తూకంలోకి వచ్చింది.

బళ్ళలో ఆడపిల్లల మీద 2013లో ఒక అధ్యయనం వచ్చింది. నల్లజాతి అమ్మాయిల్లోనే బాగా ముదురు ఛాయ ఉన్నవాళ్ళు సస్పెండయ్యే అవకాశం, బాగా లేత ఛాయ వాళ్ళ కన్నా సుమారు మూడు రెట్లు. అదే బెంచీ, అదే అల్లరి. పెళ్ళి సంబంధాల్లోనూ, సినిమా హీరోయిన్ల ఎంపికలోనూ ఈ బరువు ఆడవాళ్ళ మీదే ఎక్కువ పడుతుంది. ఆ సంగతి తెలుగు పాఠకులకు విప్పి చెప్పాల్సిన పని లేదు. ‘చామనచాయ’ అన్న మాటని పెళ్ళి ప్రకటనలో ఎవరు ఎందుకు వాడతారో మనకు తెలుసు.

రాజకీయాల్లో పెద్దవాళ్ళే నోరు జారి దొరికిపోయారు. 2008లో ఒబామా గెలుస్తాడని సెనేట్ నాయకుడు హ్యారీ రీడ్ లోపాయికారీగా చెబుతూ, అతనిది లేత ఛాయ, మాటల్లో నల్లవాళ్ళ యాస లేదు అన్నాడు. 2010లో అది బయటికొచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు. అతను ఒబామా పక్షమే, తిట్టలేదు కూడా. ఓటర్ల మనసుల్లో మెట్లు ఎలా ఉంటాయో ఓట్ల లెక్కలో ఆరితేరిన మనిషి లెక్కగట్టి చెప్పాడంతే.

యంత్రాలకు మనసు లేదు కదా అనిపించవచ్చు. కానీ వాటిని సరిచూసుకున్నది ఎవరి ముఖం పెట్టి? ఫోటో ఫిల్ము రంగులు సరిగ్గా వచ్చాయో లేదో చూడటానికి స్టూడియోలకు దశాబ్దాల పాటు వెళ్ళిన నమూనా కార్డుల మీద ఉన్నది తెల్లజాతి స్త్రీ. ముదురు ముఖాలు ఆ ఫిల్ములో మసిబొగ్గుల్లా పడేవి. 2018లో జాయ్ బులమ్‌విని, టిమ్‌నిట్ గెబ్రూ ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు కంపెనీల సాఫ్ట్‌వేర్లను పరీక్షించారు. లేత ఛాయ మగవాళ్ళ విషయంలో ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం తప్పులు. ముదురు ఛాయ స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా.

ఇంకో యంత్రం మన ఇళ్ళలోనూ ఉంది. 2021 కోవిడ్ రెండో వేవ్‌లో వేలికి క్లిప్పు పెట్టుకుని 94 కన్నా తగ్గిందేమోనని రాత్రంతా టెన్షన్ పడని ఇల్లు తక్కువ. ఆ ఆక్సీమీటరు వేలి గుండా ఎర్రకాంతినీ, పరారుణ కాంతినీ పంపి రక్తంలో ఆక్సిజన్ లెక్కడుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా ఆ కాంతిని కొంత పీల్చుకుంటుంది. 2020 డిసెంబరులో మిషిగన్ డాక్టర్లు ప్రచురించిన లెక్క ఇది: మీటరు 92–96 చూపిస్తున్నా రక్తపరీక్షలో అసలు విలువ 88 కన్నా తక్కువగా తేలిన సందర్భాలు తెల్ల రోగుల్లో 3.6 శాతం, నల్ల రోగుల్లో 11.7 శాతం. ఇక్కడా ఆ గడే అడ్డం వచ్చింది. ఆసుపత్రి రికార్డుల్లో ఉన్నది జాతి మాత్రమే. కాంతిని అడ్డుకునేది జాతి కాదు, ఛాయ. లేత ఛాయ నల్ల రోగికీ బాగా ముదురు ఛాయ రోగికీ మధ్య తేడా ఎంతో ఆ రికార్డులు చెప్పలేవు. చర్మం నలుపుగా ఉన్న తెలుగువాడి వేలి దగ్గర అది ఎంత తప్పుతుందో కూడా చెప్పలేవు.

ఇంతవరకూ చెప్పినదానికి గట్టి అభ్యంతరం ఒకటుంది. లేత ఛాయ కుటుంబాలకు 1865 నాటికే కాస్త చదువు, ఆస్తి ఉన్నాయి. వాళ్ళ మునిమనవలు ఇవాళ ఎక్కువ సంపాదిస్తే అది పాత వారసత్వమే, ఇప్పటి వివక్ష కాదు అని. అమెరికాలో పుట్టిన నల్లవాళ్ళ లెక్కలు మాత్రమే పెట్టుకుని దీనికి పూర్తిగా జవాబు చెప్పడం కష్టం. అమెరికా బానిసత్వంతో ఏ వారసత్వమూ లేని మనుషులు కావాలి. వాళ్ళు దొరికారు.

2003లో కొత్తగా గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళను వెతికి పెద్ద సర్వే చేశారు. అన్ని ఖండాల వాళ్ళూ అందులో ఉన్నారు, భారతీయులూ ఉన్నారు. ఇంటర్వ్యూయర్లకు ముందుగా ఒక బొమ్మల పట్టీ ఇచ్చారు. అందులో పది చేతులు, లేత నుంచి ముదురు దాకా వరసగా. అసలు రంగే లేకపోతే సున్నా, అన్నిటికన్నా ముదురు చెయ్యికి 10. ఆ వరసను బట్టీ పట్టి వెళ్ళాలి, పట్టీని ఎదుటివాళ్ళకు చూపించకూడదు. జోని హెర్ష్ అనే ఆర్థికవేత్త ఆ అంకెలు తీసుకుని చదువు, ఇంగ్లీషు, స్వదేశంలో చేసిన ఉద్యోగం, పుట్టిన దేశం, జాతి అన్నీ సరిపోల్చి చూసింది. అన్నీ సమానంగా ఉన్నా, అందరికన్నా లేత ఛాయవాళ్ళ జీతం అందరికన్నా ముదురు ఛాయవాళ్ళ జీతం కన్నా సగటున 17 శాతం ఎక్కువ.

గ్రీన్‌కార్డు వచ్చిన సంబరంలో ఉండి, ఇంటికొచ్చిన ఇంటర్వ్యూయరుకు మర్యాద చేసి, చదువు, జీతం, పిల్లల వివరాలు చెప్పి సాగనంపిన ఆ మనుషులకు తమ పేరు పక్కన ఏ అంకె పడిందో తెలియదు.